మట్టి గోడకు స్క్రూ

మా ఇంటి గోడలకు పదిహేడు స్క్రూలున్నాయి. నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్తాను. కరెంటు మీటరు చెక్కకు రెండు, దేవుని అరకు నాలుగు, వంటింట్లో గరిటెల పట్టీకి మూడు, బట్టల తీగకు అటొకటి ఇటొకటి, అద్దానికి ఒకటి, గడియారానికి ఒకటి, కాలెండర్‌కు ఒకటి, గొడుగు తగిలించడానికి ఒకటి, ఫోను నిలబెట్టుకునే చిన్న చెక్కకు రెండు. అంగన్‌వాడీ టీచర్‌ని కాబట్టి ప్రతిదీ రాసుకునే జబ్బు అనుకోకండి. పందొమ్మిదేళ్ళ పాటు వాటిని బిగించింది నేనే. ఊడితే మళ్ళీ బిగించిందీ నేనే. అందుకని తెలుసు.

మాది మట్టి గోడ. పైకి సిమెంటు పూత, దాని మీద గులాబీ రంగు, చూడటానికి దర్జాగానే ఉంటుంది. లోపల మాత్రం మా ఆయన తాత కాలం నాటి మట్టి, వరిగడ్డి. ఈ సంగతి వాడకట్టులో అందరికీ తెలుసు, ఒక్క మా ఆయనకు తప్ప. సొంత ఇంటి గోడ సంగతి ఇంటి యజమానికి తెలియకపోవడం ఏమిటని నవ్వకండి. అది నా ఘనకార్యమే, చెప్తాను.

మట్టి గోడకు స్క్రూ నిలబడటం అంత తేలిక కాదు. వానాకాలం చెమ్మకు గోడ ఉబ్బుతుంది, ఎండాకాలం ఎండి పగుళ్ళు తీస్తుంది. ఏడాది తిరిగేసరికి స్క్రూ కదులుతుంది. మొదటిసారి అద్దం ఊడి పడ్డప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆయన మస్కట్ పోయి మూడు నెలలు, చంకలో ఏడాది నిండని పిల్ల. పగిలిన అద్దం ముందు కూర్చొని ఏడుస్తుంటే మా అత్త రామవ్వ వచ్చింది. ఆమె అద్దాన్ని చూడలేదు, గోడను చూసింది.

"ఏడ్సుడు తర్వాత ఏడ్వచ్చు గని, పొయ్యి మీది అటుకల వేప కట్టె ఉంటది, పట్కరా" అంది.

ఆమె ఆ రోజు నేర్పిన పనే నాకు ఈ రోజుకీ వచ్చు. పొయ్యి మీది అటక మీద పొగకు ఎండిన కట్టెనే తీసుకోవాలి. పచ్చిదైతే ఎండాక సన్నబడి జారిపోతుంది. వేలంత గూటం చెక్కాలి, గుండ్రంగా కాదు, నాలుగు పలకలుగా. గుండ్రటిది స్క్రూతో పాటు లోపల తిరుగుతుంది, పలకలది మట్టిని పట్టుకుంటుంది. రంధ్రంలో దుమ్ము నోటితో ఊది, నీళ్ళు చిలకరించి, సున్నం కలిపిన మట్టి పూసి, గూటాన్ని సుత్తెతో దింపాలి. రెండు రోజులు దాని జోలికి పోకూడదు. తర్వాతే స్క్రూ. కొద్దిగా వదులైతే అగ్గిపుల్లలు తల తుంచి దూర్చొచ్చు, లేదంటే పాత బట్ట పేలిక చుట్టొచ్చు.

గూటం కొట్టేటప్పుడు మా అత్త మధ్యమధ్య ఆగి గోడకు చెవి ఆనించి, వేలితో తట్టి వినేది. ఏం వింటున్నావంటే, "పట్టిందా లేదా గోడనే చెప్తది" అనేది. పనిలో తప్పు చేస్తే మొట్టికాయ వేసేది, బాగా చేస్తే ఏమీ అనేది కాదు. ఆమె పోయి ఏడేళ్ళయింది. ఇప్పటికీ సుత్తె చేతిలోకి తీసుకోగానే ఆమె యాదికొస్తుంది, మొట్టికాయతో సహా.

మా ఆయన పర్శరాములు చేసే పని కూడా ఇదే కావడం దేవుడు మాతో ఆడిన పరాచికం. మస్కట్‌లో ఇండ్లకూ హోటళ్ళకూ కర్టెన్ రాడ్లు, అద్దాలు, టీవీలు బిగించేవాడు. అక్కడ కాంక్రీటు గోడలు. డ్రిల్ మిషన్‌తో రంధ్రం వేసి, అందులో ప్లాస్టిక్ గిట్టి దింపి, దానిలోకి స్క్రూ ఎక్కిస్తారు. పరాయి వాళ్ళ గోడలకు వేల స్క్రూలు బిగించిన మనిషి సొంత ఇంటి గోడకు ఒక్కటి బిగించలేదు. రెండేళ్ళకోసారి నలభై రోజుల సెలవుకు వచ్చేవాడు. ఆ నలభై రోజులు పెళ్ళిళ్ళకూ చుట్టాల ఇండ్లకే చాలేవి కావు.

ఈ ఎండాకాలం వీసా క్యాన్సిల్ చేసుకొని వచ్చేశాడు. పెద్ద టీవీ ఒకటి, పనిముట్ల సంచి ఒకటి తెచ్చాడు. ఇక పోనన్నాడు. మూడు వారాలు బాగానే గడిచింది. తర్వాత ఇంట్లో ఆయనకు పని లేదని నాకూ ఆయనకూ ఇంచుమించు ఒకేసారి అర్థమైంది. పొలం కౌలుకిచ్చి ఉంది. మోటరు చెడిపోతే ఎవరిని పిలవాలో నాకే తెలుసు. కూతురు హర్షిణి కరీంనగర్ హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే "బాపూ, మంచిగున్నవా? అవ్వకియ్యి" అంటుంది, అవ్వంటే నేను. ఆయన ప్రతిదానికీ నన్నే అడిగేవాడు, చక్కెర ఎక్కడుంది, తువ్వాల ఎక్కడుంది అని. ఇంటికొచ్చిన చుట్టం కూడా అన్నిసార్లు అడగడు. నేను జవాబు చెప్పే పద్ధతి కూడా మంచిది కాదు, ఒప్పుకుంటాను. "నువ్వు కూసో, నేను జేస్త" అనేదాన్ని. ఇన్నేళ్ళు ఒంటిచేత్తో ఇల్లు నడిపాక నోటికి ఆ మాటే అలవాటైపోయింది.

సరిగ్గా అప్పుడే లక్సెట్టిపేట ఏజెంట్ హనుమండ్లు ఫోన్ చేశాడు. మస్కట్‌లో పాత యజమానే మళ్ళీ రెండేళ్ళకు రమ్మంటున్నాడట. సోమవారం పొద్దునకల్లా పాస్‌పోర్ట్ ఇవ్వాలట.

"పోవాల్నా?" అని ఆయన నన్నడిగాడు.

"నీ ఇష్టం" అన్నాను.

ఎప్పుడడిగినా నా జవాబు అదే. నాకు మాత్రం ఆయన పోవద్దని ఉంది. ఎంతగా ఉందంటే, ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. కానీ ఆ మాట నోటితో అనడం నాకు చేతకాదు. మొదటిసారి పోయేటప్పుడు నేను ఏడిస్తే ఆయన కాళ్ళు ముందుకు పడవని మా అత్త నన్ను వంటింట్లోంచి బయటికి రానివ్వలేదు. అప్పుడు అలా మొదలైంది, తర్వాత అనకపోవడమే నా గొప్ప అయింది. ఊళ్ళో కూడా "మమతారాణి గట్టిది, అన్ని తనే సంబాళిస్తది" అంటారు. ఆ పేరు పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

శనివారం పొద్దున ఆయన పనిముట్ల సంచి తెరిచాడు.

"పోతే పోత, ఉంటే ఉంట గని, గా టీవీ గోడకు వెట్టి, ఇంట్ల లూజున్న స్క్రూలన్ని గట్టిగ జేస్త" అన్నాడు.

లోపలి మట్టి బయటపడుతుందని భయం వేసింది. అయినా పైకి "చాయ్ తాగి జెయ్యి" అన్నాను.

ముందు చిన్నవాటితో మొదలుపెట్టాడు. గడియారం దింపి స్క్రూను వేళ్ళతో కదిపితే అది చేతిలోకే వచ్చేసింది. దాని వెంట నాలుగు అగ్గిపుల్లలు.

"ఏందే మమతా గిది? గివి జూస్తే మా ఫోర్‌మన్ గుండాగి సస్తడు."

"గా పుల్లల మీదనే గడియారం ఐదేండ్లు నడిచిందని చెప్పు మీ ఫోర్‌మన్‌కు" అన్నాను.

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అద్దం స్క్రూ తీస్తే ఎర్ర రిబ్బన్ ముక్క బయటపడింది. హర్షిణి ఒకటో తరగతిలో జడకు కట్టుకున్నది. ఆ పిల్ల ఎదిగిన కొద్దీ అద్దాన్ని పైకి జరుపుతూ వచ్చాను. కింద మూడు పాత రంధ్రాల గుర్తులు రంగు వేసినా కనిపిస్తూనే ఉంటాయి. ఆయన అన్నిటికంటే కింద ఉన్నదాన్ని వేలితో తడిమి చాలాసేపు చూశాడు.

"గింతున్నదా అప్పుడు? నేను జూడనే లేదు గదా" అన్నాడు.

రెండేళ్ళకోసారి చూసే తండ్రికి పిల్ల ప్రతిసారీ ఒక్కసారిగా ఎదిగిపోయినట్టే కనిపిస్తుంది. ఆ మాట వింటే ఆయన మీద జాలి కలిగింది. ఉదయం అద్దం ముందు పిల్లకు జడ వేస్తూ, అది వంకర నవ్వులు నవ్వుతుంటే నేనూ నవ్విన రోజులన్నీ నా ఒక్కదానివే అయ్యాయి.

తర్వాత ఫోను చెక్క. రోజూ ఆయనతో మాట్లాడేటప్పుడు ఫోను నిలబెట్టేది దాని మీదే. ఒక రంధ్రంలోంచి నీలం గళ్ళ పేలిక వచ్చింది. ఆయన దాన్ని వెలుతురులో పట్టి చూశాడు.

"గిది నా లుంగీ గదనే. కుక్క ఎత్కపోయిందంటివి?"

"గా కుక్కను నేనే" అన్నాను.

వేరే పాత గుడ్డలు ఇంట్లో లేక కాదు. ఆయన గొంతు వినిపించే చోట ఆయన బట్ట ఉండాలనిపించింది. ఇది ఆయనకు చెప్పలేదు.

పేలికను జేబులో పెట్టుకొని ఆయన గోడ వైపు తిరిగాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. "అంత మంచిగనే ఉన్నది గని, పదేండ్ల కింద కట్టిచ్చిన ఇటుక గోడకు స్క్రూలు గిట్లెందుకు వదులైతయ్? మేస్త్రి సిమెంటు మాల్ సరిగ్గ కలపలే" అన్నాడు.

పాపం, మేస్త్రి తప్పేమీ లేదు. పదేళ్ళ కింద ముందరి గోడలు కూల్చి ఇటుకతో కట్టించమని ఆయన పైసలు పంపించాడు. ఇటుక బేరం కూడా మాట్లాడాను. ఆ వానాకాలమే హర్షిణికి డెంగీ జ్వరం వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. కరీంనగర్‌లో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. నాలుగో రోజు డాక్టర్ "ఇంటివాళ్ళను పిలిపించుకోండి" అన్నాడు. మా అత్త ఒక్కతే వచ్చింది. ఆయన ఫోన్ చేస్తే మెట్ల మీదికి పోయి మాట్లాడేదాన్ని. "అంత మంచిగున్నది, పిల్లకు జర జలుబు జేసింది, పండుకున్నది" అనేదాన్ని. చెప్తే ఏమవుతుంది? అక్కడ సెలవు దొరకదు, పదిమంది పడుకునే గదిలో మనిషి పిచ్చివాడవుతాడు అనుకున్నాను. గోడల కోసం పంపింది ఆసుపత్రికి పోయింది. పిల్ల బతికి ఇంటికొచ్చాక, మిగిలిన దాంతో పాత మట్టి గోడ మీదే సిమెంటు పూయించి, రంగు వేయించి, ఫోటో తీసి పంపాను. "ఇగో, గోడలైనయ్" అన్నాను.

ఆ ఫోటో మస్కట్ గదిలో అందరికీ చూపించాడట. తర్వాత సెలవుకొచ్చినప్పుడు గోడ మందం పాత లెక్కనే ఉందేమిటని అడిగితే, పాత పునాది మీదే లేపారని చెప్పాను. వాడకట్టులో ఎవరూ నోరు విప్పలేదు. గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు మా వాడలో లేదు. ఫోన్‌లో చెప్పిన అబద్ధాలు అందరి ఇండ్లలోనూ ఉన్నాయి, అందుకని ఒకరివి ఒకరు కాపాడుకుంటాం.

"టీవీ బల్ల మీదనే పెడుదాం, మంచిగుంటది" అన్నాను.

"బల్ల మీద వెట్టెతందుకు నేనెందుకు?" అన్నాడు.

ఆ మాటలోని బాధ నాకు తెలిసింది. అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆయన కొలత తీసి పెన్సిల్‌తో నాలుగు గుర్తులు పెట్టాడు, వంకర లేకుండా చూసుకున్నాడు, కాంక్రీటుకు వాడే లావు బిట్ మిషన్‌కు తొడిగాడు. నేను స్విచ్ బోర్డు పక్కనే నిలబడ్డాను. ప్లగ్గు పీకేసి కరెంటు పోయిందందామా అని కూడా అనుకున్నాను.

మిషన్ బుర్రుమంది. సిమెంటు పూత దాటేదాకా ఒక్క క్షణం గట్టిగా ఉంది. ఆయన అలవాటుగా భుజం బలం పెట్టి నొక్కాడు, బిట్ పిడి దాకా లోపలికి దిగిపోయింది. ఆ అదురుకు చుట్టూ పూత పగిలి, పళ్ళెమంత ముక్క ఊడి ఆయన పాదాల దగ్గర పడింది. వెనక నుంచి ఎర్రమట్టి జలజలా రాలింది. పిడికిలి పట్టేంత గుంట పడింది.

ఆయన మిషన్ ఆపి కింద పెట్టాడు. గుంటలో చెయ్యి పెట్టి మట్టి తీసి అరచేతిలో నలిపాడు. వరిగడ్డి పీచు కనిపించింది.

"గిది మా తాత తొక్కిన మట్టి" అన్నాడు.

నేను ఇప్పుడు ప్లగ్గు పీకాను.

"గోడలు కట్టియ్యలేదా?"

"కట్టియ్యలే."

నిలబడ్డ చోటనే అంతా చెప్పాను. డెంగీ, పదకొండు రోజులు, డాక్టర్ అన్న మాట, పిల్ల కండ్లు తెరవని రాత్రులు. చెప్తున్న కొద్దీ నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆయన మెల్లగా నేల మీద, రాలిన మట్టి పక్కన కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేసేటోనివి? గాడ కూసోని ఏడ్సేటోనివి."

"ఏడ్సేటోన్నే" అన్నాడు. "నా బిడ్డ సావు బతుకుల ఉంటే నేను ఏడ్వద్దా? గా పదకొండు దినాలు నేనేం జేసిన్నో ఎర్కనా? గోడలు ఎందాక వచ్చినయ్, గోడలు ఎందాక వచ్చినయ్ అని రోజు నిన్ను సతాయించిన. బిడ్డ అట్లుంటే ఇటుకల ముచ్చట అడిగిన. నన్ను గంత చిన్నోన్ని జేస్తివి."

ఆయన అడగడం నిజం, నేను ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఇటుకల గురించి మాట్లాడటమూ నిజం. ఆయన్ను బాధ నుంచి కాపాడానని ఇన్నేళ్ళు గర్వంగా ఉన్నాను. ఆయన బాధ ఆయనకు దక్కకుండా చేశానని ఎప్పుడూ తోచలేదు.

ఆదివారం పొద్దున లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. పాస్‌పోర్ట్ పెట్టుకునే చేతిసంచి కూడా లేదు. లక్సెట్టిపేట పోయి ఇచ్చేసి వస్తాడనుకున్నాను. రాలిన మట్టిని ఒక మూలకు ఊడుస్తూ ఆయన్ను తిట్టాను, నన్ను తిట్టుకున్నాను, పోయిన మా అత్తనూ వదల్లేదు. పది గంటలకు వచ్చాడు. చంకలో ఎండిన వేప కట్టె. పక్కింటి దేవవ్వ అక్కను అడిగి ఆమె అటక మీద నుంచి తెచ్చాడట. చేతిసంచిలోంచి సున్నం పొట్లం తీశాడు. పాస్‌పోర్ట్ అట్ట మీద తెల్లటి పొడి అంటి ఉంది.

"గూటం ఎట్ల చెక్కుతరో చూపియ్యి" అన్నాడు. "మా అవ్వ నీకే నేర్పింది, నాకు నేర్పలే."

"ఇంట్ల ఉంటే గద నేర్పేది" అన్నాను. అది విసురుగానే వచ్చింది, కానీ కత్తి తెచ్చి పక్కన కూర్చున్నాను.

మొదటి గూటం గుండ్రంగా చెక్కాడు. ప్లాస్టిక్ గిట్టీల అలవాటు. పలకలుగా చెక్కమని మొట్టికాయ వేయబోయి ఆగాను. ఊడ్చిన మట్టిలో గడ్డి, సున్నం కలిపి ఇద్దరం కాళ్ళతో తొక్కాం. గుంట పూడ్చాం. గూటం దింపేటప్పుడు ఆయన నేను చెప్పకుండానే గోడకు చెవి ఆనించాడు.

"చిన్నప్పుడు అవ్వ గిట్ల వింటాంటే, గోడల ఎవలో మాట్లాడుతున్నరనుకునేటోన్ని. నేను సుత చెవి వెట్టేటోన్ని. ఏం వినరాకపోయేది. అవ్వకే వినవడ్తదనుకున్న" అన్నాడు.

అలా గోడకు చెంప ఆనించి నిలబడ్డ ఆయన ముఖంలో మా అత్త పోలిక ఎంతుందో అప్పుడు చూశాను. మా పెళ్ళైన కొత్తలో ఈ ఇంట్లో ముగ్గురం కలిసి వడ్లు ఎండబోసిన రోజులు, మా అత్త ఇద్దరినీ కలిపి తిట్టిన తిట్లు అన్నీ ముసురుకున్నాయి. ఆ ఇల్లు నాకు మళ్ళీ కావాలనిపించింది.

ఆ గూటాన్ని ఆరనిచ్చి, పుల్లలూ పేలికలూ చాలిన మిగతా చిన్న స్క్రూలు ఆయనే ఎక్కించాడు. ప్రతిసారీ చివర్లో ఆగి, స్క్రూ డ్రైవర్ నా చేతికిచ్చి, "ఆఖరు చుట్టు నువ్వు తిప్పు" అన్నాడు. మొదట సరసమనుకున్నాను. నాలుగోసారి ఆయన చెయ్యి చూశాను. మణికట్టు సగం తిరిగి ఆగిపోతోంది.

"చెయ్యికేమైంది?"

మణికట్టు మీద పొడుగాటి గీత ఉంటుంది. అద్దం కోసిందని ఎప్పుడో చెప్పాడు.

"అద్దం గాదు" అన్నాడు. "నిచ్చెన మీదికెళ్ళి పడ్డ. ఆరేండ్లయితది. బొక్క ఇరిగితే లోపట రేకు వెట్టి ఆరు స్క్రూలు బిగించిండ్రు. నాలుగు నెల్లు గదిల పండుకున్న. ఫోన్ కెమెరా ఖరాబైందని నీకు చెప్పిన, యాదికున్నదా?"

గుర్తు లేకేం. ముఖం చూపించడం లేదని ఆ నాలుగు నెలలు నేను అలిగాను, సరిగ్గా మాట్లాడను కూడా లేదు. ఆ మణికట్టు నా రెండు చేతుల్లోకి తీసుకుని గీత వెంట వేలు పెట్టి చూశాను. చర్మం కింద గట్టిగా తగిలింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు ఆయనకు నాలుగు నెలలు అన్నం తినిపించి ఉంటారు. నాకు దుఃఖం ఆగలేదు.

"గీ చెయ్యితోని మళ్ళ పోతనంటివి?" అన్నాను.

"ఇంట్ల కూసోని చక్కెర యాడున్నదని అడుగుడు కన్న గాడ నయమనిపించింది" అన్నాడు, నవ్వడానికి చూస్తూ.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది. హనుమండ్లు. ఆయన ఫోన్ చేతిలో పట్టుకొని నా వైపు చూశాడు. ఈసారి పోవాల్నా అని అడగలేదు. నా జవాబు ఏమిటో తెలిసిన మనిషి.

"పోకు" అన్నాను.

"ఏందీ?"

"పోకు. నువ్వు లేకుంట నాతోని అయితలేదు. ఎన్నడు గాలే. మంచిగున్నది, మంచిగున్నది అని ఇన్నేండ్లు అబద్ధమాడిన."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి ఎత్తాడు.

"లేదన్నా, నేను వస్తలేను" అన్నాడు హనుమండ్లుతో. "ఇంట్ల పనున్నది."